బూబమ్మ ఒక్కపొద్దు

పొద్దున లేవగానే నేను దేవుడి పటం చూడను, ఎనిమిది మంచాలు చూస్తాను. ఎనిమిది దుప్పట్లూ లేస్తూ పడుతూ ఉన్నాయా లేదా అన్నదే నాకు సుప్రభాతం. ఏ దుప్పటైనా కదలకపోతే వంగి ముక్కు దగ్గర వేలు పెడతాను. "ఇంకా పోలేదులేమ్మే, పోయి కాఫీ పెట్టుపో" అని దుప్పట్లోంచి తిట్టు వస్తుంది. ఆ తిట్టు వినపడితే చాలు, నాకు పోయిన ప్రాణం తిరిగొస్తుంది.

ముప్పై నాలుగేళ్లు సర్కారు నర్సుగా చేశాను. లింగాలలో కొన్నాళ్లు, సింహాద్రిపురంలో కొన్నాళ్లు, చివరికి జమ్మలమడుగులో రిటైరయ్యాను. ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాక ప్రొద్దుటూరులో ఒక పాత మిద్దె బాడుగకు తీసుకుని, ఒంటరి ఆడవాళ్లను, పెద్ద వయసు వాళ్లను ఎనిమిది మందిని పెట్టుకున్నాను. గేటుకు బోర్డు లేదు. "వృద్ధాశ్రమం" అని రాయిద్దామని పెయింటరును పిలిస్తే లోపల ఒకామె మూతి ముడుచుకుని ఆ పూట అన్నం తినలేదు. అంతటితో బోర్డు మానేశాను. వీధిలో అందరూ నర్సమ్మ ఇల్లు అంటారు. నేను, ఒక వంటమ్మ, స్నానాలు చేయించడానికి పొద్దున వచ్చిపోయే ఒకామె, ఇంతే మా బలగం.

ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. నాకు నోరెక్కువ. భయమేస్తే కొందరు ఏడుస్తారు, కొందరు మొక్కుకుంటారు, నేను అరుస్తాను. కాసేపటికి నాకే సిగ్గేస్తుంది, కానీ అప్పటికి ఎదుటి మనిషి నోరు మూసుకుని ఉంటుంది. ముసలివాళ్లు నోరు మూసుకున్నారంటే మన మాట విన్నారని కాదు. ఈ ముక్క నాకు ముప్పై నాలుగేళ్ల ఉద్యోగం నేర్పలేదు, ఒక్క రంజాన్ నెల నేర్పింది.

మా ఇంట్లో చివరి గదిలో రెండు మంచాలు. కిటికీ పక్క మంచం బూబమ్మది. డెబ్బై దాటిన మనిషి. చీరలకు ఫాల్స్ కుట్టి ఇద్దరు పిల్లలను పెంచింది. కొడుకు కువైట్‌లో డ్రైవరు. కూతురు జమ్మలమడుగులో ఉంటుంది, రెండు గదుల్లో ఆరుగురు. ఆ ఇరుకు చూసి తనే వచ్చి, మా ఇల్లంతా తిరిగి, బాత్రూమ్ తలుపు గడియ కూడా లాగి చూసి, "ఈడ ఉంటాలే" అని చేరింది. ఇరవై ఏళ్లుగా చక్కెర జబ్బు. పొద్దున టిఫినుకు ముందు ఇన్సులిన్ సూది వేయాలి.

రెండో మంచం పూజారమ్మది. ఆమె భర్త పులివెందుల పక్క ఒక చిన్న గుడిలో అర్చకుడు. ఆయన పోయాక మరిది కొడుకు పూజ చేస్తున్నాడు. రెండేళ్ల కింద ఆ అబ్బాయే తెచ్చి దిగబెట్టాడు. "మా పెద్దమ్మ ఒంటిపూట మనిషమ్మా. పగలు ఒక్క భోజనం. రాత్రికి పాలో, ఒక పండో. పొద్దున కాఫీ తప్ప ఏమీ ముట్టదు. మీకు పెద్ద శ్రమ ఉండదు" అన్నాడు. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను: పూజారమ్మ, పొద్దున టిఫిను వద్దు. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఏ ఉల్లీ వద్దు. పళ్లెం, లోటా వేరే.

బూబమ్మ పక్కన మంచం అనగానే పూజారమ్మ మూట ఒళ్లో పెట్టుకుని ఒక పగలంతా వసారాలో కూర్చుంది. వేరే మంచం ఖాళీ లేదు, ఏం చేయను? నాలుగు రోజులు పోయాక గదిలోకి పోయి చూస్తే పూజారమ్మ తల వెనక్కి వాల్చి ఉంది, బూబమ్మ ఆమె కళ్లలో చుక్కల మందు వేస్తోంది. "కదలొద్దు, కదిలితే చెంప మీద పడతాది" అని గదమాయిస్తోంది. పోనీలే, కలిశారు అనుకున్నాను. బూబమ్మను నేను నువ్వు అంటాను, పూజారమ్మను మీరు అంటాను. నువ్వు అన్న మనిషిని అడిగినన్ని ప్రశ్నలు మీరు అన్న మనిషిని అడగం.

రంజాన్ నెలవంక కనబడిన సాయంత్రం బూబమ్మ నన్ను పిలిచింది.

"నర్సమ్మా, రేపట్నుంచి ఒక్కపొద్దులు. మబ్బున, తెల్లారకముందే, నాకింత అన్నం పెట్టియ్యి."

నాకు భయమేసింది. సూది వేసుకునే మనిషి తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా మెతుకు, నీటిచుక్క లేకుండా ఉంటే ఏమవుతుందో నేను ఉద్యోగంలో చూశాను. కాబట్టి అరిచాను.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? సూది మనిషివి. యాడికి పోతావో తెలుసా?"

"అరవై ఏండ్లు ఉండినా. కడుపుతో ఉన్నప్పుడు గూడా ఇడిసిపెట్టలేదు."

"అప్పుడు సూది లేదు. డాక్టరు వద్దంటే వద్దు. నా ఇంట్లో ఒక్కపొద్దు లేదు, ఏం లేదు. ఉండి తీరాలంటే జమ్మలమడుగు పో, మీ బిడ్డింట్లో ఉండుపో."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అన్నాను. బూబమ్మ నా ముఖం వంక చూసి, "సరేలే తల్లీ. నువ్వట్ల అంటే ఇంకేముంది" అంది. గెలిచాననుకుని నేను కూతురికి ఫోన్ చేసి మరీ చెప్పాను, మీ అమ్మ ఒప్పుకుంది, నేను దగ్గరుండి తినిపిస్తాను, మీరు దిగులు పడొద్దు అని.

దగ్గరుండి అన్నానే గానీ, ఎనిమిది మంది దగ్గర ఎట్లా ఉంటాను? మా ఇంటి పద్ధతి ఒకటుంది. బూబమ్మకు ఏడున్నరకు చక్కెర పరీక్ష, వెంటనే సూది, వెంటనే పళ్లెం. మోకాళ్ల నొప్పుల వల్ల ఆమె పళ్లెం మంచం దగ్గరికే పోతుంది. అరగంటలో ఖాళీ పళ్లెం బయటికి రావాలి. ఖాళీ పళ్లెం చూసి నేను నోట్‌బుక్‌లో టిక్కు పెడతాను. మధ్యాహ్నం అన్నమూ అంతే. ఆ రోజుల్లో ప్రతి పూటా పళ్లెం ఖాళీగా వచ్చింది. ప్రతిరోజూ టిక్కు పెట్టాను. ఇప్పటికీ ఆ పేజీలు చూడాలంటే నాకు చేతకాదు.

మూడో రోజు బూబమ్మ ఒక కొత్త కోరిక కోరింది. "నా టిఫిన్లో ఎర్రగడ్డ వెయ్యొద్దని చెప్పు. కడుపుబ్బరంగా ఉంటాది." వంటమ్మకు కోపమొచ్చింది. "ఎర్రగడ్డ లేకుండా ఉగ్గాని ఏంది నా మొగం! బొరుగులు నానబెట్టి పిండినట్టుంటాది" అని గొణిగింది. నేను దాన్ని కూడా బుద్ధిగా నోట్‌బుక్‌లో రాశాను. జీవితమంతా ఎర్రగడ్డ కొరుక్కుని తిన్న మనిషికి ఉన్నట్టుండి ఎర్రగడ్డ ఎందుకు పడలేదు అని ఒక్క క్షణం ఆలోచించలేదు.

ఐదో రోజు నుంచి నాకు నిద్ర పట్టడం మానేసింది. పొద్దున పరీక్ష చేస్తే చక్కెర రెండొందల ముప్పై. మరుసటి రోజు ఇంకా ఎక్కువ. అదే మనిషి మధ్యాహ్నానికి ఒళ్లంతా చెమట పట్టి, చేతులు వణుకుతూ మంచం పట్టె పట్టుకుని కూర్చునేది. పొద్దున అంత చక్కెర ఉన్న మనిషి మధ్యాహ్నం వణకడమేమిటి? నాకు లెక్క కుదరలేదు. లెక్క కుదరని జబ్బు ముందు నర్సుకుండే భయం మామూలు భయం కాదు. వైద్యం తెలియనివాళ్లు దేవుడి మీద వదిలేస్తారు, మాకు ఆ సుఖం కూడా లేదు.

"ఏందిది బూబమ్మా, ఇంత చెమట?"

"ఎండలు ముదరలేదా? రేకుల కింద ఉన్నట్టుండాది ఈ గది."

"వేలు ఇటియ్యి, ఒకసారి చూస్తా."

"పొద్దున పొడిస్తివి గదా! ఏళ్లన్నీ తూట్లు పడినాయి. పో నర్సమ్మా, రోంత పండుకుంటే సరిపోతాది."

నేను బలవంతం చేయలేదు. తిట్టాల్సిన చోట తిట్టకుండా వచ్చేశాను, చూడండి నా తెలివి.

పరీక్ష మిషను చెడిపోయిందేమోనని నా వేలు పొడుచుకుని చూసుకున్నాను. నాకు సరిగ్గానే చూపించింది. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పాడైందేమోనని కొత్త సీసా తెప్పించాను. వంటమ్మ గంజిలో చక్కెర గాని వేస్తోందా అని పొయ్యి పక్కన నిలబడి కాపలా కాశాను. "నా మీద అనుమానమా నర్సమ్మా?" అని ఆమె గరిటె కింద పెట్టేసింది. ఆమెను బతిమాలుకోవడానికి ఒక పూట పట్టింది. ఇంట్లో అందరినీ అనుమానించాను, నా నోట్‌బుక్‌ను తప్ప.

ఎనిమిదో రోజు బూబమ్మ స్నానానికి పోయినప్పుడు ఆమె పరుపెత్తి చూశాను. కాగితం పొట్లంలో ఖర్జూరం గింజలు, రస్కుల పొడి. ఓహో, దొంగ దొరికింది! పొద్దున చక్కెర ఎందుకు ఎక్కుతోందో తెలిసిపోయింది. ఆమె తడి తలతో గదిలోకి రాగానే పొట్లం ముఖం ముందు పెట్టాను.

"సిగ్గుండాల. ఈ వయసులో దొంగతిండి! నేను పెట్టేది చాలకనా? పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం, ఆ పైన ఇదొకటా? ఎవరు తెచ్చిచ్చినారు?"

బూబమ్మ పెదవులు ఎండి తొక్క లేచి ఉన్నాయి. పొద్దంతా మంచినీళ్లు కూడా ముట్టని మనిషిని పట్టుకుని దొంగతిండి తింటున్నావని ఇల్లంతా వినపడేట్టు అరిచాను నేను. పక్క మంచం మీద నుంచి పూజారమ్మ లేచింది.

"అరవొద్దమ్మా. పెద్దామె."

"మీకు తెలీదు, మీరు ఊరుకోండి" అన్నాను.

ఆమె ఊరుకుంది. ఆ సాయంత్రం నేను డాక్టరుకు ఫోన్ చేశాను. చక్కెర ఎక్కుతోందని చెప్పాను. తిండి ఎట్లా ఉంది అని ఆయన అడిగాడు. "బాగా తింటాండాది సార్, పళ్లెం మెతుకు లేకుండా వస్తాంది" అన్నాను. అయితే సూది కొంచెం పెంచమన్నాడు. ఆయన తప్పు ఇందులో గోరంత కూడా లేదు. ఆయన విన్నది నా మాట. మరుసటి రోజు నుంచి పెంచి వేశాను. పెంచాక మధ్యాహ్నం చెమటలు ఇంకా ఎక్కువయ్యాయి. నేను ఎండ అనే మాటను పట్టుకుని వేలాడాను.

పన్నెండో రోజు మధ్యాహ్నం రెండు దాటింది. పూజారమ్మ మరిది కొడుకు పులివెందుల బస్సు దిగి వచ్చాడు. నెలకొకసారి వస్తాడు. గుడి ప్రసాదం, పెద్దమ్మకు చీర, సంచిలో ఇంకేవో సామాన్లు. నేను వసారాలో అతనికి మజ్జిగ ఇస్తున్నాను. లోపల్నుంచి పూజారమ్మ కేక వినపడింది. అంత గొంతు ఆమెకు ఉందని నాకు తెలియదు.

"నర్సమ్మా! బిన్నె రా! పలకదు ఈమె!"

బూబమ్మ మంచం మీద పక్కకు ఒరిగి ఉంది. జాకెట్టు, చీర తడిసి ఒంటికి అంటుకున్నాయి. కళ్లు తెరుచుకునే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. దవడలు బిగుసుకున్నాయి. వేలు పొడిచి మిషను పెట్టాను. చక్కెర అట్టడుగున చూపించింది. నేను నమ్మలేదు. పొద్దున రెండొందల అరవై ఉన్న మనిషికి, టిఫిను తిన్న మనిషికి, అన్నం తిన్న మనిషికి అంత తక్కువ ఎట్లా వస్తుంది? మిషను అబద్ధం చెబుతోంది, ఇది పక్షవాతం అనుకున్నాను. పక్షవాతమైతే నోట్లో ఏదీ పెట్టకూడదు. చక్కెర పడిపోయి ఉంటే ఈ నిమిషమే పెట్టాలి. రెండింటికీ మధ్య నిలబడి నా చేతులు ఆడలేదు. ఎన్ని కాన్పులు చేసిన చేతులు!

"పొద్దున సరిగ్గా తినిందా? ఎవురన్నా కండ్లతో చూసినారా? నిజం చెప్పండి!" అని అరిచాను. ఎవరిని అడుగుతున్నానో నాకే తెలియదు. గుమ్మం దగ్గరికి ఇంటివాళ్లంతా వచ్చేశారు. వాళ్ల ముందర ఆ అబ్బాయి, మజ్జిగ గ్లాసు చేత్తో పట్టుకుని.

"ఏమీ తినలేదు" అంది పూజారమ్మ.

"పళ్లెం ఖాళీగా వచ్చింది గదా!"

"నేను తిన్నా."

ఆమె గుమ్మంలో ఉన్న అబ్బాయిని చూసింది. చూసి కూడా ఆపలేదు.

"పన్నెండు దినాలుగా ఆమె టిఫిను నేనే తింటాండా. ఆమె పళ్లెంలోనే. ఆమె ఒక్కపొద్దు ఉండాది. మధ్యాహ్నం అన్నం డబ్బాలో పెట్టుకుని పొద్దుగూకినాక తింటాది. మబ్బున రస్కులు, ఖర్జూరాలు, స్నానాలామెతో తెప్పించుకునేది. చెప్పొద్దని నాతో ఒట్టేయించుకునింది. నువ్వు పంపించేస్తావంట."

తెల్లవారుజామున తిన్నది పొద్దున పరీక్షలో కనపడేది. నేను దాన్ని చూసి సూది వేసేదాన్ని, ఆఖరికి పెంచాను కూడా. ఆ సూది ఖాళీ కడుపులో పని చేసేది. లెక్క ఆ క్షణంలో కుదిరింది. నేనే పన్నెండు రోజులుగా ఆమెను కొంచెం కొంచెంగా చంపుతూ వచ్చాను.

"చక్కెర! చక్కెర తెండి!" వంటమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. అంతలోనే ఆ అబ్బాయి సంచి గుమ్మరించి ఒక సీసా తీశాడు. సాయంత్రం అభిషేకానికి ప్రొద్దుటూరులో కొన్న తేనె. మూత తీసి ఇచ్చాడు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, గొంతుకడ్డం పడుతుంది. బూబమ్మను పక్కకు తిప్పి, తేనె వేలికి తీసుకుని బుగ్గ లోపల, చిగుళ్ల మీద రుద్దాను. ఇంకోసారి రుద్దాను. ఎంతసేపో తెలియదు. ఆమె రెప్పలు కదిలాయి. నాలుకకు తీపి తగిలినట్టుంది, తల అటూ ఇటూ తిప్పి పెదవులు గట్టిగా మూసుకుంది. కొనఊపిరి మీద ఉండి కూడా, పొద్దు గూకలేదని నోరు మూసుకుంది!

పూజారమ్మ మంచం పక్కన కింద కూర్చుని ఆమె దవడ పట్టుకుంది. "మింగు. పాపమంటూ ఉంటే నాది. మింగు బూబమ్మా, నీకు దండం పెడతా, మింగు."

మింగింది. కంటి నుంచి నీళ్లు కారుతుండగా మింగింది.

ఆటో ఆ అబ్బాయే పిలుచుకొచ్చాడు. దుప్పటి నాలుగు కొసలు నలుగురం పట్టుకున్నాం, తల వైపు కొస అతను పట్టుకున్నాడు. ఆసుపత్రిలో గ్లూకోజ్ ఎక్కుతుంటే డాక్టరు నన్ను బయటికి పిలిచి తిట్టాడు. జీవితంలో మొదటిసారి నేను నోరెత్తలేదు. అన్నీ నిజాలే తిట్టాడు. ఆ అబ్బాయి అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్నాడు. పోయేముందు నా దగ్గరికి వచ్చి, "మా పెద్దమ్మ నిజంగానే తినిందా అమ్మా, పొద్దున పూట?" అని అడిగాడు. తినిందంట నాయనా అన్నాను. తువ్వాలుతో ముఖం తుడుచుకుని బస్టాండుకు పోయాడు. పెద్దమ్మను తీసుకుపోతాడేమోనని నాకు అదొక దిగులు పట్టుకుంది.

సాయంత్రానికి బూబమ్మకు బాగా తెలివి వచ్చింది. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెప్పినా గదా" అంది నెమ్మదిగా. "మొదటి దినమే చెప్పినా. బిడ్డింటికి పొమ్మంటివి. ఆడ నేను పండుకోను జాగా లేదు నర్సమ్మా."

ఆమె చెయ్యి పట్టుకుందామని పోతే ఆ చేతికి గ్లూకోజ్ సూది ఉంది.

మర్నాడు సాయంత్రం ఇంటికి తీసుకొచ్చాను. గండం గడిచిందనుకున్నాను కానీ, అసలు గండం అప్పుడు మొదలైంది. బూబమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం పెడితే ముట్టలేదు. గంజి ఇస్తే ముట్టలేదు. కూతురు జమ్మలమడుగు నుంచి వచ్చి ఏడ్చి, బతిమాలి, చివరికి కోప్పడి పోయింది. ఆ మరుసటి పొద్దున కూడా అంతే. ఒక్కపొద్దు కోసం మానేసిందంటే సాయంత్రమైనా తింటుంది. ఇప్పుడు ఏ పూటా తినడం లేదు. తిండి లేకుంటే సూది వేయలేను, సూది లేకుంటే చక్కెర నిలవదు. మళ్లీ ఆసుపత్రికి పోతే ఈసారి తిరిగి తెచ్చుకుంటానన్న నమ్మకం నాకు లేదు.

"ఏంది నీ బాధ? నాతో చెప్పు, అరవను" అన్నాను.

"పొద్దుండంగానే నోరు తెరిసి తేనె మింగినా. పన్నెండు దినాలు ఉండినాయి మట్టిలో కలిసె. ఇంక ఉండేదానికి లేదంటివి. ఏ మొగం పెట్టుకుని పోవాల నేను అల్లా దగ్గరికి?"

పూజారమ్మ తన మంచం మీద బొమ్మలా కూర్చుని ఉంది. ఒట్టు తప్పినందుకు బూబమ్మ ఆమెతో మాట్లాడటం లేదు.

నర్సు చేయగలిగింది అయిపోయింది. మా వీధి చివర మసీదు ఉంది. చెప్పులు వేసుకుని పోయి, అక్కడ నమాజు చేయించే హజ్రత్ గారిని పిలుచుకొచ్చాను. తెల్ల గడ్డం పెద్దాయన, తొందర లేని మనిషి. ఆడవాళ్ల గదిలోకి రానన్నాడు. గుమ్మం బయట కుర్చీ వేయించుకుని, ముఖం పెరటివైపు పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యలో నేను నిలబడి జరిగిందంతా చెప్పాను. నా తప్పు కూడా దాచలేదు.

ఆయన అంతా విని, "అమ్మా, జబ్బు మనిషి మీద రోజా లేదు, ఒక్కపొద్దు ఉండాలని లేదు. అల్లా అంత కఠినాత్ముడు కాదు. నయం కాని జబ్బయితే ఉండలేని ఒక్కో దినానికి ఒక ఆకలిగొన్న మనిషికి కడుపునిండా పెట్టాల. అది చాలు. నువ్వు తిను" అన్నాడు.

బూబమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. ఇంటికొచ్చాక అదే మొదటిసారి.

"నా బిడ్డ బియ్యం, రవ్వ పంపిస్తాది. పెట్టేదానికి మనిషిని యాడ తెచ్చేది సామీ, నేను గడప దాటలేనిదాన్ని?" అంది. భయంభయంగా అడిగింది. "నా పళ్లెంలో పన్నెండు దినాలు ఇంకొకరు తినినారు. అది లెక్కలోకి వస్తాదా?"

హజ్రత్ గారు గడ్డం నిమురుకున్నాడు. "తినినామె ఆకలిగొన్న మనిషైతే వస్తాది. కానీ ఆమె పూజారింటి మనిషి, పెద్దామె. ఆమెను అట్ల ఎట్ల అనేదమ్మా?"

నేను తొందరపడి అడ్డం పోయాను. "లేదు సామీ, ఆమెకు పొద్దున తినే అలవాటే లేదు. ఈమె మాట కాదనలేక తినింది, అంతే."

"ఆకలయ్యేది" అంది పూజారమ్మ.

తల వంచుకునే ఉంది. నేను సరిగ్గా విన్నానో లేదో నాకు అర్థం కాలేదు.

"పొద్దున ఆకలయ్యేది నాకు. ఆయన పోయినప్పట్నుంచి రోజూ అయ్యేది. ఆడ ఇంట్లో అడిగేదానికి నామోషీ. ఈడికొచ్చినాక అందరికీ పళ్లేలు పోతాంటే, తాళింపు వాసనొస్తే, ఈ పక్కకు తిరిగి పండుకునేదాన్ని. ఎవరూ అడగలేదు. ఈమె ఒకతే అడిగింది, నా టిఫిను నువ్వు తింటావా అని. ఈమె కోసం తినలేదు సామీ, ఆకలై తిన్నా. నన్ను ఆకలిగొన్నదాన్నే అని రాసుకో."

రెండేళ్లు. ప్రతి పొద్దున ఆ గదిలోకి ఒక పళ్లెం తీసుకుపోయి, ఒకామె ముందు పెట్టి, రెండో ఆమెను దాటుకుని బయటికి వచ్చినదాన్ని నేను. దుప్పట్లు కదులుతున్నాయా లేదా అని చూసి మురిసిపోయినదాన్ని నేను. ఆకలి వేస్తోందా అని ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అడగలేకపోయాను. ఎవరో మగపిల్లవాడు చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకుని, ఆ రాతను నమ్మాను. గుమ్మం పట్టుకుని ఏడ్చాను. హజ్రత్ గారు పెరటివైపే చూస్తూ, "లెక్కలోకి వస్తాదమ్మా. పన్నెండు దినాలూ వస్తాయి" అన్నాడు.

బూబమ్మ మోచేతి మీద లేవబోయింది, చేత కాలేదు. పూజారమ్మ దిగివచ్చి వీపు వెనక దిండు పెట్టింది.

"ఇంకా పదహారు దినాలుండాయి" అంది బూబమ్మ. "తింటావా?"

"తింటా" అంది పూజారమ్మ. "నువ్వు తింటే."